‘బాగానే ఉన్నాను నాన్నా’ అనే మాట వెనుక ఏముంటుంది? అమెరికాలో చదువుతున్న మా అబ్బాయి గురించి సలహా కావాలి

మలికిపురం రైతు
ఫిబ్రవరి 8, రాత్రి 9.40

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికలో నేను ఇప్పటివరకు కొబ్బరి తెగుళ్ల గురించి, దాళ్వా నీటి వంతుల గురించి తప్ప మరో విషయం రాసి ఎరుగను. ఈసారి ఇంటి విషయం రాయవలసి వస్తున్నది కనుక పెద్దలు మన్నించాలి.

మా అబ్బాయి ఇక్కడే ఇంజనీరింగు పూర్తిచేసి 2025 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి టెక్సాస్ వెళ్లాడు. మాకు రెండున్నర ఎకరాల కొబ్బరి తోట ఉన్నా బ్యాంకువారు దానిని తనఖాకు ఒప్పుకోలేదు. చివరికి మా బావమరిది అమలాపురంలోని తన ఇంటి కాగితాలు పెట్టి 32 లక్షల రుణం ఇప్పించాడు. మొదటి సెమిస్టరు అంతా రోజూ రాత్రి తొమ్మిదింటికి, అంటే వాడికి ఉదయం, వీడియోలో మాట్లాడేవాడు. సంక్రాంతి తరువాత వీడియో పెట్టడం మానేశాడు. ఫోను చేస్తే ‘బాగానే ఉన్నాను నాన్నా, క్లాసుకు వెళ్లాలి’ అంటాడు. పది రోజుల క్రితం మాత్రం 1,500 డాలర్లు వెంటనే కావాలని వాళ్లమ్మకు మెసేజి పెట్టాడు. ఎందుకని అడిగితే ‘ఫీజుల్లాంటివి’ అన్నాడు.

నిన్న మా మేనల్లుడు చెప్పిన మాటతో నిద్ర పట్టలేదు. మావాడికి విశ్వవిద్యాలయంలోని ‘అకడమిక్ ఇంటెగ్రిటీ’ విభాగం నుంచి ఉత్తరం వచ్చిందట. అది ఏమి విభాగం? వీసా తీసేసి వెనక్కి పంపించేస్తారా? నేను నేరుగా విశ్వవిద్యాలయానికి ఈమెయిలు రాయవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పండి.


తణుకు మాస్టారు
ఫిబ్రవరి 9, ఉదయం 6.15

అయ్యా, ముందుగా ఊపిరి పీల్చుకోండి. ఆ ఉత్తరం రావడమంటే శిక్ష పడినట్లు కాదు, విచారణ మొదలైనట్లు. అకడమిక్ ఇంటెగ్రిటీ అంటే చదువులో నిజాయితీ. ఒకరి అసైన్‌మెంటు మరొకరు చూసి రాయడం, ఇంటర్నెట్టులో దొరికినదాన్ని ఎక్కడిదో చెప్పకుండా వాడుకోవడం, అనుమతి లేనిచోట కృత్రిమ మేధ చేత రాయించడం వంటివి దాని కిందకు వస్తాయి. సాధారణంగా ఆరోపణను లిఖితపూర్వకంగా తెలిపి, విద్యార్థి తన మాట చెప్పుకునేందుకు సమయమిచ్చి, ఆపై నిర్ణయిస్తారు. అప్పీలుకు కూడా వీలుంటుంది. మొదటిసారి తప్పయితే ఆ అసైన్‌మెంటుకు సున్నా, లేదా ఆ సబ్జెక్టులో గ్రేడు పోవడం ఎక్కువగా చూస్తాం.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఇంజనీరింగు విద్యార్థులకు పాఠాలు చెప్పినవాడిగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ అలవాటు పిల్లలకు అక్కడ అంటుకున్నది కాదు, మేము ఇక్కడ అంటించి పంపినది. మా ల్యాబులో రికార్డు ఎలా రాసేవారో చెబుతాను వినండి. సీనియరు రికార్డు ఒకటి బ్యాచి మొత్తానికి తిరిగేది. అందులోని రీడింగులు సహా దించేవారు. ఒకసారి ఎవరో తప్పుగా వేసిన గ్రాఫు నాలుగు సంవత్సరాలపాటు అదే తప్పుతో నా ముందుకు వచ్చింది. నేను ప్రతిసారీ ఎర్ర సిరాతో సంతకం పెట్టాను. అసలు మార్కులు సెమిస్టరు చివరి పరీక్షవేనని విద్యార్థికీ తెలుసు, నాకూ తెలుసు. అమెరికాలో ఆ లెక్క తిరగబడుతుంది. వారం వారం ఇచ్చే హోంవర్కు, క్విజ్జు, ప్రాజెక్టు, క్లాసులో పాల్గొనడం, ఇవన్నీ కలిసే గ్రేడు అవుతుంది. మనవాడు రికార్డులాంటిదే అనుకుని తేలికగా తీసుకున్న పని, అక్కడ పరీక్ష జవాబుపత్రంతో సమానం.

మీరు ఈమెయిలు రాయవద్దు. అమెరికాలో ఫెర్పా అని 1974 నాటి చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం కళాశాలలో చదివే విద్యార్థి మార్కులు, క్రమశిక్షణ వివరాలు అతని సమ్మతి లేకుండా తల్లిదండ్రులకు కూడా సాధారణంగా చెప్పరు. ఫీజు కట్టేది మీరే అయినా వారికి మీ అబ్బాయి పెద్దవాడు, మీరు బయటివారు. మీరు రాస్తే జవాబు రాదు సరికదా, రాశారన్న సంగతి తెలిసి అబ్బాయి మరింత ముడుచుకుపోతాడు.

అబ్బాయికి చెప్పవలసినవి రెండే. విచారణకు తప్పనిసరిగా వెళ్లాలి, జరిగింది జరిగినట్లు చెప్పాలి. భయపడి ఆ సబ్జెక్టును తనంతట తాను వదిలేయకూడదు. ఎందుకంటే ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవారు ప్రతి సెమిస్టరులో పూర్తికాల విద్యార్థిగా ఉండాలి. ఎం.ఎస్. స్థాయిలో చాలా చోట్ల అది 9 క్రెడిట్లు. అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని అధికారి ముందస్తు అనుమతి లేకుండా అంతకన్నా తగ్గితే, కాపీ ఆరోపణ కంటే పెద్ద చిక్కు వచ్చి పడుతుంది.


పాలకొల్లు ప్రవాసి
ఫిబ్రవరి 9, ఉదయం 10.05

బాబాయిగారూ, నేను టెక్సాస్‌లోనే 2023లో ఎం.ఎస్. పూర్తిచేసి ఉద్యోగం చేస్తున్నాను. మాస్టారు చెప్పినదంతా నిజం. నాకూ ఆ ఉత్తరం వచ్చింది కనుక ఇంకొంచెం దగ్గరగా చెప్పగలను.

మేము ఒక అపార్టుమెంటులో ఆరుగురం ఉండేవాళ్లం. పేరుకు రెండు పడక గదులు. హాలులో ఇద్దరు నేలమీద పరుపులు వేసుకునేవారు. అందరమూ ఒకే కోర్సు, ఒకే ప్రొఫెసరు. ఆదివారం అర్ధరాత్రి గడువు ఉన్న ప్రోగ్రామును శనివారం నేను రాశాను. ఆదివారం రాత్రి పదింటికి నా స్నేహితుడు రెస్టారెంటులో పని ముగించుకుని వచ్చి, గిన్నెలు కడిగి కడిగి నానిన చేతులతో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ‘ఒక్కసారి చూపించరా’ అన్నాడు. చూపించాను. అతడు చరరాశుల పేర్లన్నీ మార్చి, ఒక ఫంక్షనును రెండు ముక్కలు చేసి పెట్టాడు. అది చాలుననుకున్నాం. ప్రోగ్రాముల పోలికలు పట్టే మాస్ అనే సాఫ్ట్‌వేరు 1994 నుంచి వాడుకలో ఉన్నదనీ, పేర్లు మార్చినా అది నిర్మాణాన్నే చూస్తుందనీ మాకు ఆ తరువాత తెలిసింది. ఉత్తరం ఇద్దరికీ వచ్చింది. చూసి రాసినవాడితోపాటు చూపించినవాడిదీ తప్పేనని నాకు విచారణ గదిలో కూర్చున్నప్పుడు గానీ అర్థం కాలేదు. మన దగ్గర చూపించనివాడు చెడ్డవాడు కదా. ఇద్దరికీ సున్నా వేసి, నిజాయితీ మీద ఒక ఆన్‌లైన్ పాఠం చేయించారు. వీసాకు ఏమీ కాలేదు.

అయితే ఒక విషయం దాచను. ఆ తరువాత మా సగటు గ్రేడు 3.0 కంటే కిందకు పడింది. పడితే ప్రొబేషన్ అంటారు. మరుసటి సెమిస్టరులో సరిచేసుకోకపోతే విశ్వవిద్యాలయం తొలగించవచ్చు, తొలగిస్తే వీసా హోదా కూడా పోతుంది. నేను బయటపడ్డాను. నా స్నేహితుడు బయటపడటానికి అదనంగా ఒక సెమిస్టరు, దానికి అదనంగా ఫీజు పట్టాయి. ఆ సంగతి వాళ్లింట్లో ఇప్పటికీ తెలియదు.

మీరు రాసిన 1,500 డాలర్లు దేనికో నాకు తెలియదు. ఫీజు వాయిదా కావచ్చు, గది అద్దె కావచ్చు. ‘ఎందుకు’ అని కాకుండా ‘ఏ తేదీలోగా కట్టాలి, ఎవరికి కట్టాలి’ అని అడిగి చూడండి. మరొక ప్రశ్న, తప్పుగా అనుకోకండి. అక్కడ పని చేసి డబ్బు సంపాదించమని ఇంటి నుంచి ఎవరైనా అన్నారా?


మలికిపురం రైతు
ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1.20

అన్నాను బాబూ. సంక్రాంతి రోజున అందరం కూర్చుని వీడియోలో మాట్లాడుతుండగా, పక్క ఊరి కుర్రాడు నెలకు 800 డాలర్లు ఇంటికి పంపుతున్నాడట అనే మాట మా అన్నయ్య ఎత్తాడు. నేను నవ్వుతూనే ‘మావాడు ఎప్పుడు మొదలుపెడతాడో’ అన్నాను. బావమరిది కూడా అక్కడే ఉన్నాడు. మీరు అడిగితే ఇప్పుడు లెక్క చూసుకున్నాను. వీడియో మానేసింది ఆ మరునాటి నుంచే.


గోదారి గట్టు
ఫిబ్రవరి 9, సాయంత్రం 4.30

ఇందులో అంత బాధపడవలసినది ఏముందండీ? పెట్రోలు బంకులోనో కిరాణా దుకాణంలోనో పని చేసుకోని తెలుగు విద్యార్థి ఎక్కడ ఉన్నాడు? మా తోడల్లుడి కొడుకు రెండేళ్లూ అలాగే గడిపి అప్పులో సగం తీర్చాడు. నియమాలు పట్టుకుని కూర్చుంటే మధ్యతరగతివాడు సముద్రం దాటలేడు.


పాలకొల్లు ప్రవాసి
ఫిబ్రవరి 9, రాత్రి 8.50

గోదారి గట్టుగారూ, మీ బంధువు అదృష్టవంతుడు. కానీ ఆ అదృష్టాన్ని సలహాగా ఇవ్వవద్దని నా మనవి. ఎఫ్-1 విద్యార్థి క్యాంపసులోపల తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. భోజనశాల, గ్రంథాలయం, ల్యాబు, ఇలా. క్యాంపసు బయట అనుమతి లేకుండా చేసే ఒక్క గంట పని కూడా హోదాను పోగొట్టగలదు. దానికంటే రోజువారీ బాధ ఇంకొకటి. చేతికి నగదు ఇచ్చే యజమాని గంటకు ఎంత ఇచ్చినా, నెల చివర ఎగ్గొట్టినా ఈ పిల్లవాడు ఎవరికీ చెప్పుకోలేడు. చెప్పుకుంటే తన తప్పే ముందు బయటపడుతుంది. ఆ సంగతి ఆ యజమానికి బాగా తెలుసు, వాడు తరచుగా తెలుగువాడే అయి ఉంటాడు కూడా.

ఇక ‘అందరూ చేస్తున్నారు’ అనే మాట ఎంత దూరం తీసుకుపోతుందో మనవాళ్లు రెండుసార్లు చూశారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం వీసాల మోసం బయటపడి మూతపడినప్పుడు అందులో పేరు రాయించుకున్న మన విద్యార్థులు కొందరి కాళ్లకు కదలికలు కనిపెట్టే రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. వల వేసి పట్టడానికి ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపినవారు ప్రభుత్వ అధికారులే. క్లాసులే లేని చోట ఫీజు కట్టి, హోదా నిలుపుకుని పని చేసుకోవచ్చని చేరినవారు వందకు పైగా అరెస్టయ్యారు. వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది ‘సీనియర్లు చెప్పారు, చేరాం’ అన్నవారే.


భీమవరం చెరువు గట్టు
ఫిబ్రవరి 9, రాత్రి 10.10

నేను రొయ్యల రైతును. మా అమ్మాయి కెనడాలో చదువుతున్నది. అబ్బాయిల సంగతి ఇలా ఉంటే అమ్మాయిల సంగతి వేరుగా ఏమీ ఉండదు, దాచడం మాత్రం ఇంకా బాగా దాస్తారు.

పంట తేదీలు, ఫీజు తేదీలు ఒకదానికొకటి పొంతన లేనివని ఎవరూ ముందుగా చెప్పరు. అక్కడి వారు ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒకసారి, జనవరిలో ఒకసారి కట్టమంటారు. ఆగస్టుకు సార్వా నాట్లు పడి ఉంటాయి, చేతిలో ఉన్నది మట్టి. జనవరికి ధాన్యం అమ్మినవాడు గట్టెక్కుతాడేమో. చెరువు పెట్టినవాడు మాత్రం ఆ సమయానికి పంట ఏ దశలో ఉంటే ఆ దశలో పట్టేయాలి. నేను గత ఆగస్టులో అదే చేశాను. మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరిన నెల అది. చెరువులో రొయ్య ఇంకొన్ని రోజులు పెరగవలసి ఉండగా, చిన్న సైజులోనే, పడిపోయిన ధరకే పట్టించి ఫీజు పంపాను. మా అమ్మాయికి ‘ఈసారి పంట బ్రహ్మాండం’ అని చెప్పాను.

అదే సమయంలో ఆ అమ్మాయికి దుకాణంలో వారానికి ఇచ్చే పనిగంటలు ఎనిమిదికి తగ్గించారట. కెనడాలో చదువుకునేవారు క్యాంపసు బయట కూడా వారానికి 24 గంటల వరకు చట్టబద్ధంగా పని చేయవచ్చు, కానీ చేయవచ్చు అన్నంత మాత్రాన పని దొరకాలిగా. వెళ్లేటప్పుడు వీసా కోసం ఏడాది ఖర్చు కింద 20,635 కెనడా డాలర్లు చూపించి వెళ్లాం. అవి నెలనెలా చేతికి వచ్చి అద్దెకే కరిగిపోయాయి. రోజుకు ఒక పూట తిని నాతో ‘పని బాగుంది నాన్నగారూ, రాత్రికి బిర్యానీ చేసుకున్నాం’ అనేది. నేను చెరువు గట్టు మీద నిలబడి అబద్ధం చెబుతుంటే, ఆమె ఆకలితో నిలబడి అబద్ధం చెప్పింది. డిసెంబరులో వాళ్లమ్మ ఇద్దరినీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టి నిలదీసింది గనుక బయటపడింది. అప్పటినుంచి నేను ప్రతి నెలా చెరువు లెక్క వాట్సాప్‌లో పంపుతాను, ఆమె తన ఖర్చు లెక్క పంపుతుంది. ఫీడ్ బస్తాల ధర, అక్కడి బస్సు పాసు ధర పక్కపక్కన ఉంటాయి.


నరసాపురం బ్యాంకు (విశ్రాంత)
ఫిబ్రవరి 10, ఉదయం 7.30

మలికిపురం మిత్రుని తోటను బ్యాంకు ఎందుకు కాదన్నదో చెప్పవలసినవాడిని నేనే, ఎందుకంటే అలా కాదన్నవారిలో నేనూ ఒకడిని. అది తోట విలువ తక్కువై కాదు. రుణం మొండిబాకీ అయితే కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారాన్ని బ్యాంకులకు ఇచ్చినది 2002 నాటి సర్ఫేసీ చట్టం. ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. రైతును కాపాడటానికి పెట్టిన ఆ మినహాయింపే, రైతు కొడుకు చదువుకు అడ్డం పడుతుంది. ఎకరాలున్న డెల్టాలో పిల్లల విదేశీ చదువులు పట్టణంలో ఇల్లు ఉన్న బావమరిది చేతిలోకి, పెదనాన్న చేతిలోకి వెళ్లేది ఇందుకే. తాకట్టుకు ఇల్లు ఇచ్చినవాడు పండుగ పూట ఎదురుగా కూర్చుంటే, ఆ అబ్బాయి వీడియోలో ఎవరి ముఖం చూస్తాడో ఆలోచించండి.

ఇంకొక సంగతి. రుణం రూపాయల్లో మంజూరవుతుంది, ఫీజు డాలర్లలో ఉంటుంది. మీ రుణం మంజూరైన నాటికి డాలరు 86 ప్రాంతంలో ఉండి ఉంటుంది, డిసెంబరులో 90 దాటింది. మిగిలిన ఫీజు 20,000 డాలర్లే అనుకున్నా, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే 80,000 రూపాయల లోటు. అబ్బాయి దుబారా చేస్తున్నాడని అనుమానించే ముందు ఈ లెక్క వేసుకోవాలి. బ్యాంకు రుణం నుంచి పంపే ఫీజు మీద మూలంలో వసూలు చేసే పన్నును (టీసీఎస్) 2025 ఏప్రిల్ 1 నుంచి తీసివేశారు కనుక, పంపేటప్పుడు ఎవరైనా ఆ పేరుతో కోత వేస్తే అడగండి. అసలు వాయిదాలు సాధారణంగా చదువు ముగిసిన ఏడాది తరువాత మొదలవుతాయి. ఈలోగా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. దానిని నెలనెలా ఇక్కడే కట్టగలిగితే కట్టండి, ఆ భారం చదువుకుంటున్నవాడి మీద పెట్టవద్దు.


కోనసీమ నుంచి ఆకెన్
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2.45

నేను జర్మనీలో చదువుతున్నాను. ఇక్కడి కష్టాలు వేరే రూపంలో ఉంటాయి, అందుకని రాస్తున్నాను.

ఇక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదు కనుక ఇంటివారు ఇది చౌక దేశమనుకుంటారు. వీసాకు ముందే ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ఒక ఖాతాలో వేసి బిగించాలి, నెలకు 992 మాత్రమే చేతికి వదులుతారు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయనిస్తారు గానీ, జర్మన్ రానివారికి దొరికేది గిడ్డంగిలో పెట్టెలు మోసే పని. అసలు దెబ్బ గదుల దగ్గర తగులుతుంది. చిరునామా నమోదు చేయించుకుంటేనే నివాస అనుమతికి దారి, గది దొరికితేనే చిరునామా. నేను వచ్చిన కొత్తలో ఇంటి ఫోటోలు చూపించి, తాను వేరే దేశంలో ఉన్నాననీ, అడ్వాన్సు పంపితే తాళం పోస్టులో వస్తుందనీ ఒకరు నమ్మించారు. 600 యూరోలు పోయాయి. తాళం కోసం వారం రోజులు పోస్టు పెట్టె దగ్గర తచ్చాడాను. ఇంట్లో చెప్పలేదు, ఇక్కడే మొదటిసారి చెబుతున్నాను.

పరీక్షల సంగతి అమెరికాకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇక్కడ చాలా సబ్జెక్టులకు చివర ఒకే ఒక పరీక్ష. హోంవర్కు ఎవరూ అడగరు, క్లాసుకు రాలేదేమని ఎవరూ అడగరు. స్వేచ్ఛ అనుకున్నాను. చాలా చోట్ల ఒక పరీక్షకు మూడు అవకాశాలే ఇస్తారు. మూడోసారీ పోతే ఆ కోర్సు నుంచే తొలగిస్తారు, అదే కోర్సును జర్మనీలో మరోచోట చదవడానికి కూడా వీలుండదు. బ్యాక్‌లాగ్ అంటే ఎన్నిసార్లయినా రాసుకోవచ్చునని అలవాటుపడి వచ్చినవారికి మూడో ప్రయత్నం నాటి రాత్రి ఎలా ఉంటుందో చెప్పలేను.

డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆదివారం దుకాణాలు తెరవరు. మాట్లాడుకుందామని తెలుగువారి గుంపులో చేరితే మూడో మాటగా ‘మీ ఇంటిపేరేమిటి’ అన్నారు. అది ఎందుకు అడుగుతారో కోనసీమలో పెరిగిన నాకు ఒకరు చెప్పనక్కరలేదు. గది పంచుకోవడానికి ప్రకటన ఇచ్చేవారు కూడా కొందరు అదే వాసన చూస్తారు. సముద్రాలు దాటించి తెచ్చుకున్న సామానులో అది కూడా ఒకటి. వింత ఏమిటంటే మా అమ్మమ్మ ఎంతో ఆశగా కట్టి ఇచ్చిన ఎండు కొబ్బరిని మాత్రం విమానాశ్రయంలో తీయించేశారు. నూనె ఎక్కువ గనుక దానిని విమానంలో తీసుకువెళ్లనివ్వరట. కొబ్బరి దేశం నుంచి వచ్చి, ఇక్కడ రెండు యూరోలు పెట్టి కాయ కొని పగలగొడితే మురిగిపోయి ఉంది. ఆ రోజు ఎందుకో బాగా ఏడ్చాను. 600 యూరోలు పోయిననాడు కూడా అంత ఏడవలేదు.


రావులపాలెం వాసి
ఫిబ్రవరి 10, సాయంత్రం 5.00

అసలు ఇంత అప్పు చేసి పంపడమెందుకు? మన ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటే సరిపోదా?


నిర్వాహకుడు
ఫిబ్రవరి 10, సాయంత్రం 5.25

పంపాలా వద్దా అనే అంశానికి వేరే చర్చ ఉన్నది. అబ్బాయి అక్కడ ఉన్నాడు, తండ్రి ఇక్కడ ఉన్నాడు. దయచేసి ఆ విషయానికే పరిమితం కండి.


ఆచంట అమ్మ
ఫిబ్రవరి 10, రాత్రి 9.15

అన్నయ్యగారూ, వీడియో మానేశాడన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా పెద్దబ్బాయి విషయంలో నేను పట్టించుకోని గుర్తు అదే. మొదట వీడియో పెట్టేవాడు, కానీ ప్రతిసారీ అదే గోడ, అదే నీలం చొక్కా. అక్కడ పగలైనా కిటికీ తెర వేసి ఉండేది. ‘తినాలనిపించడం లేదు’ అని ఒకసారి అంటే ‘మాగాయ పంపనా’ అన్నాను. అంతకుమించి నాకు తోచలేదు. తీరా చూస్తే పదిహేను రోజులుగా గది దాటి బయటకు వెళ్లలేదని అతని గదిలో ఉండే మరాఠీ అబ్బాయి మా చిన్నవాడికి ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి పట్టుకుని చెప్పాడు. ఆ పిల్లవాడికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

అక్కడ విశ్వవిద్యాలయంలోనే మనసు బాగాలేనివారికి కౌన్సెలింగు కేంద్రం ఉంటుంది. చాలా చోట్ల దానికి విడిగా డబ్బు కట్టనక్కరలేదు, విద్యార్థి ఫీజులోనే కలిసి ఉంటుంది. మావాడు వెళ్లనన్నాడు. పిచ్చివాడని ముద్ర పడుతుందనీ, వీసాకు తెలుస్తుందనీ భయం. అది గోప్యంగా ఉంటుందని ఆ మరాఠీ అబ్బాయే చెప్పి, మొదటిరోజు తోడు వెళ్లి గుమ్మం బయట కూర్చున్నాడు. ఆరేడు వారాలు పట్టింది.

మీరు ఒక పని చేయండి. ఈ రాత్రి ఫోనులో ఉత్తరం మాట, డబ్బు మాట మీరు ఎత్తవద్దు. సంక్రాంతి నాడు మీరు అన్న మాట తప్పని ముందుగా మీరే చెప్పండి. మగవారికి అది కష్టమని తెలుసు. అందుకే ఫోను వదినగారి చేతికి ఇవ్వకుండా మీరే చెప్పండి. వాడు ఏమీ మాట్లాడకపోతే కాసేపు అలాగే ఉండండి, ఫోను పెట్టేయకండి.


తణుకు మాస్టారు
ఫిబ్రవరి 11, ఉదయం 6.00

అమ్మగారు చెప్పినదానికి చేర్చవలసినది లేదు. ఒక చిన్న విషయం మాత్రం. అబ్బాయిని ప్రొఫెసరు గదికి వెళ్లమనండి. అక్కడ ప్రతి ప్రొఫెసరూ వారంలో కొన్ని గంటలు విద్యార్థులకోసమే గది తెరిచి కూర్చుంటారు. మన పిల్లలు అది పిలిపించి చివాట్లు పెట్టే సమయమనుకుని వెళ్లరు. నా పూర్వ విద్యార్థి ఒకడు రెండేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదట, ‘మీ గదిలోకి రావాలంటేనే భయపడేవాళ్లం కదా మాస్టారూ’ అన్నాడు. ఆ మాట నాకు బాగానే తగిలింది.


మలికిపురం రైతు
ఫిబ్రవరి 14, రాత్రి 10.30

సభ్యులందరికీ నమస్కారం. మూడు రోజులుగా రాయలేకపోయాను.

అమ్మగారు చెప్పినట్లే చేశాను. ‘పండుగనాడు నేను అన్నది తప్పురా’ అన్నాను. చాలాసేపు మాట లేదు. ఫోను కట్ అయిందేమోనని రెండుసార్లు తెర చూసుకున్నాను. తరువాత వాడే వీడియో పెట్టాడు. ఎడమ దవడ వాచి ఉంది. నెల రోజులుగా పన్ను నొప్పి. వాడు కట్టిన ఆరోగ్య బీమాలో పళ్లకు వర్తించదట. ఆసుపత్రిలో పన్నుకు చికిత్స చేసి పైన తొడుగు వేయడానికి 1,500 డాలర్లు అన్నారట. ముఖం చూస్తే అడుగుతామని వీడియో మానేశాడు. ఫీజని చెబితేనే డబ్బు పంపుతామనుకున్నాడట, పన్ను కోసమంటే మామయ్య ఇంటి తాకట్టు గుర్తుకొచ్చి నోరు రాలేదట. నేను ఈ నెల రోజులూ ఏమేమి అనుకున్నానో ఇక్కడ రాయలేను.

ఉత్తరం సంగతి కూడా చెప్పాడు. పాలకొల్లు బాబు రాసినట్లే ఉంది. గదిలో ఉండే కుర్రాడు అడిగితే తన ప్రోగ్రాము ఇచ్చాడు. ‘ఇవ్వకపోతే ఏమనుకుంటాడో అని ఇచ్చాను నాన్నా’ అన్నాడు. విచారణ వచ్చే గురువారం. జరిగింది జరిగినట్లు చెప్పమన్నాను. సబ్జెక్టు వదిలేద్దామని అప్పటికే దరఖాస్తు నింపి పెట్టుకున్నాడు. మాస్టారి మాట చదివి వినిపిస్తే, ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడుగుతానన్నాడు. బయట పని ఇంకా మొదలుపెట్టలేదు, ఒక దుకాణంవాడితో మాట్లాడి మాత్రం ఉంచాడట. వద్దన్నాను. కొబ్బరి దింపు డబ్బు ఈ నెల వడ్డీకి సరిపోతుంది. బావమరిదికి ఈ రోజు పొద్దున్నే అమలాపురం వెళ్లి అంతా చెప్పి వచ్చాను. ఆయన ముందు పన్ను సంగతే అడిగాడు.

ఇక పన్ను గురించే ఒక సందేహం. నొప్పి తగ్గడానికి ఇక్కడి నుంచి మందులు పంపవచ్చా?


పాలకొల్లు ప్రవాసి
ఫిబ్రవరి 14, రాత్రి 11.05

బాబాయిగారూ, మందులు పంపవద్దు, కస్టమ్స్‌లో చిక్కులు వస్తాయి. వాపు ఉన్నదంటే ఇంకా ఆగకూడదు కూడా. దంత వైద్య కళాశాలల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు, బయటికంటే బాగా తక్కువ అవుతుంది. సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. టెక్సాస్‌లో డల్లాస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియోల్లో అవి ఉన్నాయి. అబ్బాయి ఏ ఊరిలో ఉన్నాడో నాకు వ్యక్తిగత సందేశంలో పంపండి. డల్లాస్ దగ్గరైతే నేనే కారులో తీసుకువెళతాను.


మలికిపురం రైతు
ఫిబ్రవరి 14, రాత్రి 11.12

పంపాను బాబూ. డల్లాస్ నుంచి నలభై నిమిషాలేనట.